ఆరడుగుల కంచె, ముప్పై ఏళ్ల మాట

కంచె ఆరడుగుల ఎత్తుండాలి. ముళ్లతీగ పనికిరాదు. ఒక్కో గుర్రానికి కనీసం 400 చదరపు అడుగుల దొడ్డి, మంచుకీ ఎండకీ తలదాచుకునే కప్పు, ఎప్పుడూ శుభ్రమైన నీళ్లుండే తొట్టి కావాలి. ఇవన్నీ ఉన్నాయని తేలితేనే అమెరికా ప్రభుత్వం ఒక అడవి గుర్రాన్ని దత్తత ఇస్తుంది. మచ్చిక కాని గుర్రానికి రుసుము 125 డాలర్ల నుంచి మొదలు. మంచి జీను కొనాలంటే అంతకు ఎన్నో రెట్లు పెట్టాలి. గుర్రం చవక. దాన్ని సాకడమే ఖరీదు, అదీ డబ్బుల్లోనే కాదు.

మస్టాంగ్ అంటే మనలో చాలామందికి ముందు ఫోర్డ్ కారు గుర్తొస్తుంది. అసలు మస్టాంగ్ నెవాడా, వ్యోమింగ్, ఒరెగాన్, యూటా లాంటి రాష్ట్రాల పొడి నేలల్లో తిరిగే గుర్రం. స్పెయిన్ వాళ్ల ఓడల్లో వచ్చిన గుర్రాలు, ఆ తర్వాత వలస రైతుల దగ్గర నుంచీ సైన్యం నుంచీ తప్పించుకున్నవి, వదిలేసినవి కలిసి మందలయ్యాయి. మూపు దగ్గర 56 నుంచి 60 అంగుళాల ఎత్తు, గట్టి ఎముక, రాతినేల మీద అరిగి అరిగి బలపడిన గిట్టలు. పందెపు గుర్రం పక్కన నిలబెడితే పొట్టిగా కనిపిస్తుంది. మైళ్లకు మైళ్లు నడవడంలో మాత్రం దాని సత్తా వేరు.

ట్రైలర్ దిగిన మస్టాంగ్ నేరుగా మనిషికి దూరంగా ఉన్న మూలకు చేరుతుంది. మెడకు ఎడమ పక్కన, జూలు కింద తెల్లటి గుర్తులు వరుసగా కనిపిస్తాయి. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన అచ్చుతో వేసిన ముద్ర అది. అచ్చు తగిలిన చోట వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. ఆ గుర్తులు చదవగలిగితే అది పుట్టిన సంవత్సరం, దాని నంబరు తెలుస్తాయి. క్యారెట్ చూపించి పిలుద్దామంటే కుదరదు. క్యారెట్ అంటే ఏమిటో దానికి తెలియదు. యాపిల్ తెలియదు, దాణా తెలియదు.  పట్టుబడేదాకా అది తాగింది చెలమల్లోనూ వాగుల్లోనూ.

దాన్ని మాలిమి చేసుకోవడానికి చిన్న రాంచ్‌లో దగ్గరి దారి ఏదీ లేదు. పొద్దున్నే ఎండుగడ్డి వేసి, దొడ్డిలోనే ఒక మూల బకెట్ బోర్లించి కూర్చుంటారు. మాట్లాడరు, కళ్లలోకి తేరిపార చూడరు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటాడబడే జంతువు. తననే చూస్తూ తిన్నగా నడిచొచ్చేది ఏదైనా దానికి పులితో సమానం. అందుకే పక్కగా నడుస్తారు. గుర్రం చెవి ఇటు తిప్పితే చాలు, ఒక అడుగు వెనక్కి వేస్తారు. ‘నువ్వు నన్ను గమనించావు కాబట్టి నేను తగ్గాను’ అన్నది దానికి అర్థమయ్యేదాకా రోజూ ఇదే పని. కొందరు పొడవాటి వెదురు కర్ర చివరతో ముందు మూపు మీద మెల్లగా రాస్తారు. మందలో గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోకేది అక్కడే. కర్రకు అలవాటు పడ్డ గుర్రం కొన్నాళ్లకు చేతిని ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నప్పుడు తల దించుతుంది, నోరు కదిలించి నాలుకతో పెదవులు తడుపుకుంటుంది. పెద్దగా ఊపిరి వదులుతుంది. అంతవరకూ మూడు రోజులు పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు. తొందరపడితే వారాల తరబడి సంపాదించిన నమ్మకం ఒక్క పూటలో పోతుంది.

తాడు, తలకట్టు, పాదం ఎత్తనివ్వడం అన్నీ ఆ తర్వాతే. నాకు అన్నిటికంటే పెద్ద విజయంగా కనిపించేది ఈ పాదం ఎత్తనివ్వడమే. పారిపోవడం మీద బతికే జంతువు కాలు మన చేతిలో పెట్టిందంటే ఉన్నదంతా ఇచ్చేసినట్టే. అది అవసరం కూడా. అడవిలో రాళ్ల మీద తిరిగితే గిట్టలు వాటంతటవే అరుగుతాయి. మెత్తటి పచ్చికలో అరగవు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. ఆ పచ్చికే ఇంకో ప్రమాదం. పొడిగడ్డి మీద పెరిగిన ఒంటికి చక్కెర ఎక్కువున్న పచ్చగడ్డి పడదు. గిట్ట లోపల వాపు వచ్చి శాశ్వతంగా కుంటిదయ్యే గుర్రాలున్నాయి. ప్రేమ కొద్దీ కడుపునిండా మేపడమే వాటికి చేటు.

రాంచ్‌లో గుర్రం ఒక్కటే ఉండదు. ఒకచోట పెరిగే జంతువుల మధ్య చుట్టరికాలూ ఉంటాయి, జాగ్రత్తలూ ఉంటాయి. కోళ్లు లద్దె కుప్పలు కెలికి ఈగల పురుగులు ఏరుకుతింటాయి. దాణా గదిలో ఎలుకల పని పిల్లులు చూసుకుంటాయి. గొర్రెలకూ మేకలకూ కాపలా గాడిదది. మస్టాంగ్‌లతో పాటు ప్రభుత్వం అడవి గాడిదలనూ దత్తత ఇస్తుంది. గుర్రం బెదిరితే పరుగు తీస్తుంది, గాడిద ఆగి ఆలోచిస్తుంది. కొయోటీ అనే నక్కలాంటి మృగం కనిపిస్తే చెవులు వంచి ఎదురెళ్లి తరుముతుంది. అయితే గుర్రానికి పెట్టే ఖనిజాల మిశ్రమంలో రాగి ఉంటుంది, అది గొర్రెకు విషం. పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రాన్ని చంపుతుంది. అందుకే ఎవరి తొట్టి వాళ్లది, ఎవరి బస్తా వాళ్లది. చలికాలంలో తెల్లవారగానే తొట్టిలో గడ్డకట్టిన మంచు పగలగొట్టడం మొదటి పని. నీళ్లు తాగని గుర్రానికి కడుపులో శూల వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆ నొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. పండగ లేదు, జ్వరం లేదు, ఆ పని ఆగదు.

ఈ దత్తత ఏర్పాటంతా ఒక మహిళ పట్టుదలతో మొదలైంది. వెల్మా జాన్‌స్టన్ నెవాడాలోని రీనోలో ఒక బీమా ఆఫీసులో సెక్రటరీ. చిన్నప్పుడు పోలియోతో బాధపడ్డ మనిషి. 1950లో ఒక రోజు ఆఫీసుకు వెళ్తుంటే, ముందు వెళ్తున్న ట్రక్కులోంచి రక్తం కారడం చూసి దాన్ని వెంబడించింది. లోపల పట్టి తెచ్చిన అడవి గుర్రాలు, కబేళాకు పోతున్నాయి. అప్పట్లో విమానాలతో తరిమి, ట్రక్కులతో వెంటాడి వాటిని పట్టేవారు. ఆమె పోరాటంతో 1959లో ఆ వేటను నిషేధిస్తూ చట్టం వచ్చింది. తర్వాత దేశమంతా బడిపిల్లలు ప్రతినిధులకు ఉత్తరాలు కుప్పలుగా రాశారు. 1971 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ అడవి గుర్రాల, గాడిదల రక్షణ చట్టం మీద సంతకం పెట్టారు. ‘వైల్డ్ హార్స్ యానీ’ అని ఎగతాళికి పెట్టిన పేరునే ఆమె గర్వంగా ధరించింది.

రక్షణ దొరికాక మందలు పెరిగాయి, వాటిని అదుపులో ఉంచే పెద్ద మృగాలు అక్కడ తక్కువ. 2020 నాటికి ప్రభుత్వ భూముల్లో గుర్రాలూ గాడిదలూ కలిపి సుమారు 95 వేలని అంచనా. ఆ నేల భరించగలదని అధికారులు లెక్కగట్టింది 27 వేల లోపే. హెలికాప్టర్లతో తోలి పట్టినవాటిలో అరవై వేలకు పైగా ప్రభుత్వ దొడ్లలో, అద్దె పచ్చికబయళ్లలో పడి ఉన్నాయి. వాటి పోషణకు ఏటా పది కోట్ల డాలర్లు దాటుతోంది. పశువుల మేతకు ఆ నేలలు అడిగేవాళ్లకూ గుర్రాల పక్షం వాళ్లకూ ఎప్పుడూ తగాదానే. పిల్లలు పుట్టకుండా వేసే టీకా మందును ఇంకా విస్తృతంగా వాడాలని నేను గట్టిగా నమ్ముతాను. పుట్టనివ్వకపోవడం, పుట్టాక దొడ్లో మగ్గబెట్టడం కంటే దయగల పని.

2019లో దత్తత తీసుకున్నవారికే వెయ్యి డాలర్లు ఇచ్చే పథకం పెట్టారు. దొడ్లు ఖాళీ అవుతాయని ఆశ. ఏడాది గడిచి యాజమాన్య పత్రం చేతికి రాగానే కొందరు ఆ గుర్రాలను వేలానికి తోలారని, అక్కడి నుంచి అవి కబేళా దళారుల చేతుల్లో పడ్డాయని 2021లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2025లో ఫెడరల్ కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. అది సరైన తీర్పు. మేపడానికి మనసున్న మనిషి 125 డాలర్లు కట్టి తీసుకెళ్తాడు. వెయ్యి డాలర్ల కోసం వచ్చినవాడు ఏడాదిపాటు రోజులు లెక్కపెడతాడు.

ఇందుకు పూర్తి భిన్నమైన మార్గం జైళ్లలో ఉంది. నెవాడాలోని కార్సన్ సిటీ, కొలరాడోలోని కానన్ సిటీ జైళ్లలో ఖైదీలు మస్టాంగ్‌లను మచ్చిక చేసి, జీనుకు అలవాటు చేశారు. అలా తయారైన గుర్రాల్లో కొన్ని సరిహద్దు గస్తీకీ వెళ్లాయి. మొదటిసారి గుర్రం తెచ్చుకునే కుటుంబం శిక్షణ పొందినదాన్ని తీసుకోవడమే మేలు. ఒక్కదాన్ని కాకుండా రెండిటిని తెచ్చుకోవడం ఇంకా మేలు. మందలో పుట్టిన జంతువుకు ఒంటరితనం జబ్బుతో సమానం. రెండోది దొరక్కపోతే గాడిదైనా తోడుండాలి.

మస్టాంగ్ ఇరవై అయిదు, ముప్పై ఏళ్లు బతుకుతుంది. యాభై ఏళ్ల వయసులో నాలుగేళ్ల గుర్రాన్ని తెచ్చుకున్న మనిషికి డెబ్బై దాటినా తొట్టిలో మంచు పగలగొట్టే పని మిగిలే ఉంటుంది. అందుకే వయసు మళ్లిన రాంచ్ యజమానులు కొందరు పెద్ద గుర్రాలనే ఎంచుకుంటారు. 1971 చట్టానికి 2004లో చేసిన సవరణ ప్రకారం పదేళ్లు దాటినవాటినీ, మూడుసార్లు దత్తతకు పెట్టినా ఎవరూ తీసుకోనివాటినీ ప్రభుత్వం నేరుగా అమ్మొచ్చు. కొన్న నిమిషం నుంచీ అవి ప్రైవేటు ఆస్తి. ఏడాది గడువు లేదు, తనిఖీ లేదు. కబేళాకూ వాటికీ మధ్య కొన్నవారి మాట తప్ప గట్టి అడ్డు ఏదీ లేదు. పన్నెండేళ్ల మగగుర్రం, ఒళ్లంతా పాత కాట్ల మచ్చలు, వీపు మీద జీను ఎప్పటికీ వేయనివ్వకపోవచ్చు. అలాంటిదాన్ని ఇంటికి తెచ్చుకుని, అది బతికినన్నాళ్లూ వేళకు గడ్డి వేసి, గిట్టలు చెక్కించి, తమ తర్వాత దాన్ని ఎవరు చూసుకోవాలో వీలునామాలో రాసిపెట్టుకోవాలి. 1971లో ఒక దేశం ఇచ్చిన మాటను చివరికి నిలబెట్టేది ఆ పని చేసేవాళ్లే.