వినిపిస్తారు, కనిపించరు



"వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయండి, పిల్లలకు నాలుగు కొత్త సంగతులు తెలియాలి" అని కబురు వచ్చినప్పుడు ఏమి రాయాలా అని చాలా ఆలోచించాము. పోటీ పరీక్షల గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు రాస్తూనే ఉంటారు. అందుకని మీకందరికీ ఇష్టమైన టీవీ గురించే రాద్దామనుకున్నాము. అయితే టీవీలో కనిపించే వాళ్ల గురించి కాదు. కనిపించకుండా, వినిపించే వాళ్ల గురించి.

ఈ ఆలోచన మాకు ఎట్లా వచ్చిందో ముందు చెప్తాము. మేము చిన్నగా ఉన్నప్పుడు ఒక వానాకాలం పిడుగు పడి మా ఇంటి టీవీలో బొమ్మ పోయింది. మాట మాత్రం మిగిలింది. బాగు చేయించడానికి చేతిలో పైసలు లేవు. కొన్ని నెలల పాటు ఆ టీవీని చూడలేదు, విన్నాము. మా నాయనమ్మ గోడకు ఆనుకొని కూర్చొని సీరియల్ వినేది. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు అబద్ధం చెప్తున్నారో గొంతును బట్టి చెప్పేది. అందులో కొత్తగా వచ్చిన ఒక అత్తగారి గొంతు మాకు చాలా భయంగా ఉండేది. తర్వాత టీవీ బాగయినాక చూస్తే ఆమె సన్నగా, మామూలుగా ఉంది. మా భయం ఆ రోజుతో పోయింది. కనిపించనంత కాలం ఆమె మాకు ఎంతో పెద్దది. కనిపించగానే మామూలు మనిషి అయింది. ఈ చిన్న అనుభవంలో పెద్ద విషయమే ఉందని పీజీకి వచ్చాక, పుస్తకాలు చదివాక తెలిసింది.

ఎవరిని ఇట్లా అంటారు?

కొన్ని కథల్లో ఒక పాత్ర ఉంటుంది. మాట్లాడుతుంది. మిగతా పాత్రలు దానికి జవాబు చెప్తాయి, భయపడతాయి, నవ్వుతాయి. కానీ తెర మీదికి ముఖం రాదు. మనం చెప్పుకొనేది ఇటువంటి పాత్రల గురించే. డబ్బింగ్ చెప్పేవాళ్లు వేరు. రాజశేఖర్ గారి సినిమాలకు సాయికుమార్ గారు గొంతు ఇచ్చారు, కానీ అక్కడ చూడటానికి ఒక ముఖం ఉంది. మనం చెప్పుకొనే పాత్రకు గొంతు తప్ప ఇంకేమీ లేదు.

ఇది టీవీతో పుట్టిన సంగతి కాదు. భాగవత కథ మీరు విన్నదే. కంసుడు చెల్లెలు దేవకిని రథం మీద అత్తవారింటికి తీసుకొని పోతుంటే, ఆమెకు పుట్టే ఎనిమిదో బిడ్డ చేతిలో నీకు చావు ఉందని ఆకాశం నుండి మాట వినిపించింది. చెప్పింది ఎవరో కనిపించలేదు. అయినా కంసుడు కత్తి దూసినాడు. ముఖం లేని ఒక్క మాట కథనంతా నడిపింది. దానినే అశరీరవాణి అనీ, ఆకాశవాణి అనీ అంటారు. 1935లో మైసూరులో ఎం.వి.గోపాలస్వామి గారు తమ రేడియో కేంద్రానికి ఆ పేరే పెట్టారు. తర్వాత దేశం మొత్తం రేడియోకు అదే పేరు అయింది. ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి! రేడియోలో అందరూ కనిపించని వాళ్లే. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకుంటుంటే మన పెద్దవాళ్లు ఇంట్లో మనుషుల మాటలు విన్నట్టు విన్నారు. వాళ్ల ముఖాలు ఎట్లా ఉంటాయో ఎవరికి వారే ఊహించుకున్నారు.

రేడియోలో ముఖం చూపించే వీలు లేదు. టీవీలో ఉంది. వీలు ఉండి కూడా చూపించలేదంటే దానికి ఒక కారణం ఉండాలి. ఆ కారణాన్ని బట్టి ఈ పాత్రలు రెండు రకాలు అని మాకు అనిపించింది.

మొదటి రకం: పై నుండి వచ్చే గొంతు

బి.ఆర్.చోప్రా గారి హిందీ 'మహాభారత్' సీరియల్ దూరదర్శన్‌లో 1988 అక్టోబర్ 2న మొదలై 1990 జూన్ దాకా, మొత్తం 94 భాగాలు వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేసినప్పుడు మాలో చాలామంది చూశాము. అందులో కథ చెప్పేది మనిషి కాదు, కాలం. తెర మీద తిరిగే చక్రం కనిపిస్తుంది, "నేను కాలాన్ని" అంటూ ఒక గంభీరమైన గొంతు హిందీలో వినిపిస్తుంది. ఆ గొంతు హరీష్ భిమానీ గారిది. సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా గారు. కాలానికి ముఖం పెడితే ఒక ముసలాయన అయ్యేవాడు. ముఖం పెట్టలేదు కాబట్టి అన్ని యుగాలకూ సరిపోయింది.

అమెరికాలో 1976 నుండి 1981 దాకా 'చార్లీస్ ఏంజెల్స్' అనే సీరియల్ వచ్చింది. ముగ్గురు అమ్మాయిలు నేరాలు పరిశోధిస్తారు. వాళ్ల యజమాని చార్లీ ఫోన్ స్పీకర్‌లో పని చెప్తాడు. ముఖం చూపించడు. జాన్ ఫోర్సైత్ అనే నటుడు ఆ గొంతు ఇచ్చాడు.

ఇక మీ అందరికీ తెలిసినది 'బిగ్ బాస్'. తెలుగులో 2017 జూలై 16న స్టార్ మాలో మొదలైంది. మొదటిసారి జూనియర్ ఎన్టీఆర్, 2018లో నాని, 2019 నుండి నాగార్జున నడిపించారు. నడిపేవాళ్లు మారినా, ఇంట్లో ఉండేవాళ్లు మారినా, ఆజ్ఞ ఇచ్చేది మాత్రం కనిపించని ఆ గొంతే. అది "నేను చెప్తున్నాను" అనదు, "బిగ్ బాస్ ఆదేశిస్తున్నారు" అంటుంది. ఈ ఆట 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' పేరుతో పుట్టింది. ఆ పేరు జార్జ్ ఆర్వెల్ 1949లో అచ్చువేసిన '1984' నవల నుండి వచ్చింది. ఆ నవలలో బిగ్ బ్రదర్ బొమ్మ గోడ గోడకూ ఉంటుంది గానీ, ఆయనను కలిసిన మనిషి ఒక్కడూ కనిపించడు. నిజంగా ఉన్నాడో లేడో కూడా తెలియదు. అయినా అందరూ వణుకుతారు.

ఎందుకు వణుకుతారు? ఫ్రాన్స్ దేశపు రచయిత మిషెల్ షియాన్ 1982లో సినిమాలో గొంతు గురించి ఒక పుస్తకం రాశాడు. శరీరం కనిపించని గొంతుకు మనం నాలుగు శక్తులు అంటగడతామని ఆయన చెప్పాడు. అది అంతటా ఉంటుంది, అన్నీ చూస్తుంది, అన్నీ తెలుసుకుంటుంది, ఏదైనా చేయగలదు. కానీ ముఖం బయటపడిన క్షణంలో ఆ శక్తులన్నీ పోతాయి. 1939లో వచ్చిన 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' సినిమాలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఉరిమే గొంతుతో అందరినీ భయపెట్టే మాంత్రికుడు తెర వెనుక ఉంటాడు. ఒక చిన్న కుక్కపిల్ల ఆ తెర లాగుతుంది. చూస్తే మైకు ముందు నిలబడిన మామూలు ముసలాయన! మా ఇంటి టీవీలో అత్తగారి సంగతి కూడా ఇదే కదా.

తమ్ముళ్లారా, ఇది గుర్తుపెట్టుకోండి. రేపు మీరు ఆఫీసులకు, ఇంటర్వ్యూలకు వెళ్తారు. తలుపు వెనుక నుండి వచ్చే పెద్ద గొంతులు మిమ్మల్ని భయపెడతాయి. తలుపు తీసుకొని లోపలికి వెళ్లి చూడండి. లోపల ఉండేది మనలాంటి మనిషే.

రెండో రకం: లోపలి గదిలో గొంతు

అన్ని గొంతులూ అధికారంతో దాక్కోవు. 2007 నుండి 2019 దాకా వచ్చిన 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' అనే అమెరికా హాస్య సీరియల్లో హోవర్డ్ అనే ఇంజనీరు తల్లి ఉంటుంది. పక్క గదిలో నుండి కేకలు వేస్తుంది, అన్నానికి పిలుస్తుంది, కొడుకు అక్కడి నుండే కేక వేసి జవాబు చెప్తాడు. ఆమె ముఖం మాత్రం చూపించలేదు. ఆ గొంతు ఇచ్చిన కెరోల్ ఆన్ సూసీ 2014 నవంబర్‌లో చనిపోయింది. ఆ సీరియల్లో ఆ పాత్రకు ఇంకొకరి గొంతు పెట్టలేదు. కథలో కూడా ఆ తల్లి చనిపోయినట్టు చూపించారు. ఏళ్ల తరబడి ఆమె కేకలకు నవ్వినవాళ్లు, ఆ గొంతు ఆగిపోయినాక కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఇప్పుడు మీరు నవ్వుతూ చూసే 'టామ్ అండ్ జెర్రీ' దగ్గరికి వద్దాము. 1940లో వచ్చిన మొదటి బొమ్మ నుండి 1952 దాకా అందులో ఇల్లు చూసుకొనే ఒక ఆడమనిషి ఉంటుంది. టామ్‌ను తిట్టేది, చీపురు పట్టుకొని తరిమేది ఆమే. మనకు కనిపించేవి ఆమె కాళ్లు, చెప్పులు, చేతులు. ముఖం 1950లో ఒక బొమ్మలో రెప్పపాటు తప్ప రాదు. ఆమె నల్లజాతి స్త్రీ. గొంతు ఇచ్చిన లిలియన్ రాండాల్ఫ్ కూడా నల్లజాతి నటి. నల్లజాతి స్త్రీ అంటే పనిమనిషే అన్నట్టు చూపించినందుకు ఆ జాతి హక్కుల సంఘాలు నిరసన చెప్పాయి. 1960లలో ఈ బొమ్మలు టీవీలో వేసేటప్పుడు కొన్నింటిలో ఆమెను చెరిపి తెల్లమ్మాయిని గీశారు, గొంతు కూడా మార్చారు. నల్ల పనిమనిషిని గౌరవంగా ఎట్లా చూపించాలో ఆలోచించలేదు, ఆమెనే తీసివేశారు.

చార్లీ ముఖం చూపించలేదు, ఈమె ముఖమూ చూపించలేదు. రెండూ ఒకటేనా? కాదు. చార్లీ తనకు అవసరం లేదని కనిపించలేదు. ఈమె ముఖంతో చూసేవాళ్లకు అవసరం లేదని చూపించలేదు. ఆమె చేసే పని కావాలి, తిట్టు కావాలి, నవ్వు కావాలి. మనిషి వద్దు.

ఇది అమెరికాకే పరిమితం అనుకుంటే పొరపాటు. మన ఊళ్లలో జాతర అయినా, చావు అయినా, చాటింపు అయినా డప్పు లేనిదే జరగలేదు. మనలో చాలామంది తాతలు ఆ డప్పు కొట్టినవాళ్లే. డప్పు చప్పుడు గుడి గర్భంలోకి పోయింది. కొట్టిన మనిషి గుమ్మం బయటే నిలబడ్డాడు. చప్పుడుకు లేని అంటు మనిషికి అంటగట్టారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన మొదటి పత్రికకు 'మూక్‌నాయక్', అంటే మూగవారి నాయకుడు అని పేరు పెట్టారు. మనవాళ్లు నిజంగా మూగవాళ్లు కాదు. వాళ్లు మాట్లాడినా ఎవరూ ముఖం చూసి వినలేదు. అందుకే ఆ పేరు.

మూడో మాట: మనం చేసిన తప్పు

వ్యాసం ఇక్కడ ముగించవచ్చు. కానీ ఒక మాట చెప్పకుండా ముగిస్తే అది నిజాయితీ కాదు.

ఈ హాస్టల్లో ఉన్నన్ని ఏళ్లు మాకు మా అమ్మానాయినలు కూడా వినిపించి, కనిపించని పాత్రలే. ఆదివారం ఫోన్ వచ్చేది. వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరం మాట్లాడేవాళ్లం. "తిన్నవా బిడ్డా? పానం మంచిగున్నదా? చలి పెడుతున్నదా?" అంతే. రెండు నిమిషాలు. వెనుక తాండూరు నాపరాళ్లు కోసే మిషన్ చప్పుడో, పట్నంలో కట్టే బిల్డింగ్ దగ్గర రేకుల చప్పుడో వినిపించేది. ఆ చప్పుడును బట్టి వాళ్లు ఎక్కడ పనిలో ఉన్నారో తెలుసుకొనేవాళ్లం. దూరం వల్ల, కూలి పోతుందన్న భయం వల్ల రాలేకపోయారు. ఇది సగం నిజం.

మిగతా సగం ఇది. ఒక ఏడాది వార్షికోత్సవానికి "మేము వస్తం బిడ్డా" అని మా అమ్మ అన్నది. మేము వద్దన్నాము. "పరీక్షలు ఉన్నయి, వచ్చినా కలవనియ్యరు" అని అబద్ధం చెప్పినాము. అసలు కారణం ఆమె చీర. ఆమె మాట తీరు. అతిథుల ముందు, స్నేహితుల ముందు ఆమె కనిపించడం మాకు నామోషీ అనిపించింది. ఆమె "సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది. మాతో చదివిన ఇంకా కొందరు కూడా ఇట్లనే చేశారని తర్వాత మాట్లాడుకుంటే తెలిసింది.

ఇప్పుడు మా ఇళ్లలో డిగ్రీ పట్టా చేతికి వచ్చింది మాతోనే మొదలు. ఆ పట్టా మీద మా పేరు ఉంది. దాని వెనుక ఉన్న గొంతు పేరు లేదు. పనిమనిషి ముఖాన్ని చెరిపిన వాళ్లను తప్పు పట్టే ముందు, మా అమ్మ ముఖాన్ని దాచింది మేమే కదా అని మాకు సిగ్గు వేసింది.

కాబట్టి తమ్ముళ్లారా, మా తప్పు మీరు చేయకండి. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు వార్షికోత్సవం తారీఖు చెప్పండి, రమ్మని చెప్పండి. కూలికి పోయే చీరలో వచ్చినా సరే, ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మీ స్నేహితులకు "మా అమ్మ", "మా నాయిన" అని చూపించండి. వేదిక మీద ఎవరైనా ఘనంగా మాట్లాడితే చప్పట్లు కొట్టండి, కానీ ఒక్కసారి వెనుకకు తిరిగి మీ వాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూడండి.

ఈ ఏడాది మేము మా అమ్మను వెంట తీసుకొని వస్తున్నాము. ఆమె గొంతు ఈ హాస్టల్ ఫోన్‌కు తెలుసు. ముఖం ఇప్పుడు మీరందరూ చూస్తారు.