పిడికిలి చెప్పే సాక్ష్యం

నంద్యాల నుండి సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణిస్తే నల్లమల కొండల అడుగున మహానంది వస్తుంది. రాయలసీమ అనగానే నెర్రెలు విచ్చిన నేలను ఊహించుకునేవారికి ఈ ప్రాంతం ఆశ్చర్యం కలిగిస్తుంది. కొండ మొదట ఏడాది పొడవునా ఊరే ఊటనీరు చుట్టుపక్కల పొలాలకు పారడం వలన ఇక్కడ అరటి తోటలు పచ్చగా నిలిచి ఉంటాయి. ఆ తోటల్లో పని అంతా చేతుల మీద నడిచేదే. గెల నరికేవాడి ఒక చేతిలో కొడవలి, మరొక చేతిలో గెల కాడ ఉంటాయి. పట్టు ఒక్క క్షణం సడలితే గెల నేలపాలవుతుంది, కమిలిన కాయకు బేరం పోతుంది. శివరాత్రి రోజుల్లో ఇక్కడ జరిగే బండలాగుడు పోటీలకు అన్ని మతాల రైతులూ తరలివస్తారు. చూసేవారి కళ్లన్నీ ఒంగోలు జాతి ఎద్దుల మీదనే ఉంటాయి. ఊపు మీదున్న ఆ జతను అదుపు చేస్తూ పగ్గం పట్టుకున్న మనిషి పిడికిలిని గమనించేవారు అరుదు.

ఇటువంటి సీమలోని యువకుల చేతుల్లోనూ ఇప్పుడు గ్రిప్పర్ కనిపిస్తున్నది. రెండు పిడులు, వాటి నడుమ చుట్టలు చుట్టిన ఉక్కు స్ప్రింగు, అంతే ఆ పరికరం. బస్సు కోసం ఎదురుచూస్తూ, ఫోను చూస్తూ దానిని నొక్కే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం. "వంద కిలోలది మూశాను" అని ఒకడంటే "నాది నూటయాభై" అని మరొకడు అంటాడు. ఈ పోటీలో మంచి ఎంత, భ్రమ ఎంత అన్నది కుటుంబ పెద్దలు తెలుసుకోదగిన విషయమని మేము భావిస్తున్నాము.

మొదట ఆ కిలోల సంగతి చూద్దాం. స్ప్రింగుకు ఒక స్వభావం ఉంది. నొక్కేకొద్దీ దాని ప్రతిఘటన పెరుగుతుంది. కనుక గ్రిప్పర్ మొదటి సగం తేలికగా వస్తుంది. రెండు పిడులూ ఒకదానికొకటి తగిలే చివరి కొద్ది మిల్లీమీటర్లలోనే అసలు పరీక్ష ఉంటుంది. పెట్టె మీద ముద్రించిన అంకె సాధారణంగా ఆ చివరి స్థితికి సంబంధించినది. పిడి మీద ఏ చోట బరువు వేలాడదీసి కొలిచారన్న దానిని బట్టి ఆ అంకె మారిపోతుంది. అందువలన ఒక తయారీదారు చెప్పే 60 కిలోలకూ మరొకరు చెప్పే 60 కిలోలకూ పొత్తు కుదరదు. చవక ప్లాస్టిక్ గ్రిప్పర్ల మీది అంకెలను నమ్మి గొప్పలు చెప్పుకోవడం తూకం సరిచూడని త్రాసుతో బంగారం కొన్నట్లే.

బరువైన గ్రిప్పర్లకు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చినది అమెరికాకు చెందిన ఐరన్‌మైండ్ సంస్థ. అది తయారు చేసే 'కెప్టెన్స్ ఆఫ్ క్రష్' వరుసలో 1వ నంబరు 140 పౌండ్లది, అనగా సుమారు 64 కిలోలది. వ్యాయామశాలకు క్రమం తప్పక వెళ్లేవారిలోనూ చాలామంది తొలి ప్రయత్నంలో దీనిని పూర్తిగా మూయలేరు. 3వ నంబరు 280 పౌండ్లు, అంటే సుమారు 127 కిలోలు. దీనిని నియమాల ప్రకారం మూసిన మొదటి వ్యక్తిగా 1991లో రిచర్డ్ సోరిన్ పేరు నమోదైంది. 365 పౌండ్ల 4వ నంబరును 1998లో జో కిన్నీ మూశాడు. ఏళ్ల తరబడి దీక్షగా సాధన చేసినవారిలోనూ అక్కడికి చేరినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. ఈ సంగతి తెలిసిన యువకుడు వారం రోజుల్లో ఫలితం చూపుతామనే ప్రకటనలకు లొంగడు.

ఇక చేతి నిర్మాణం. మన వేళ్లలో వాటిని వంచే కండరాలు లేవంటే చాలామంది నమ్మరు. వేళ్లను బలంగా ముడిచే కండరాలు మోచేతికీ మణికట్టుకూ మధ్య, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుండి సన్నని స్నాయువులు తాళ్లవలె మణికట్టులోని ఇరుకు సొరంగం గుండా సాగి వేలి ఎముకలకు అంటుకుంటాయి. ఆ సొరంగంలో తొమ్మిది స్నాయువులతో పాటు ఒక ముఖ్యమైన నరం కూడా ప్రయాణిస్తుంది. కండరానికి రక్తప్రసరణ ఎక్కువ గనుక అది కొద్ది వారాల్లో బలపడుతుంది. స్నాయువుకు నెలలు పడుతుంది. ఆత్రంగా బరువు పెంచేవాడి కండరం సిద్ధమైనా తాడు సిద్ధం కాదు. అప్పుడే మోచేతి లోపలి వైపు నొప్పి, వేళ్ల తిమ్మిరి, వేలు ముడుచుకొని తిరిగి తెరుచుకోకపోవడం వంటివి మొదలవుతాయి. మధుమేహం ఉన్నవారికి ఈ వేలి పట్టివేత, మణికట్టు నరం నొక్కుకుపోవడం ఇతరులకన్నా ఎక్కువగా వస్తాయి. వారు మరింత నెమ్మదిగా సాగాలి.

పట్టు ఒక్క రకం కాదు. అరచేతితో నలిపే పట్టు ఒకటి, గ్రిప్పర్ పెంచేది దీనినే. బొటనవేలికీ మిగిలిన వేళ్లకూ మధ్య బిగించి పట్టేది మరొకటి. బేతంచెర్ల వైపు నాపబండలు మోసే కూలీల పట్టు ఇది. పలుచని బండకు పిడి ఉండదు. బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్లు ఇంకొకవైపు ఉంచి అంచును బిగించి లేపడమే. ఏ స్ప్రింగూ వారికి ఈ విద్య నేర్పలేదు. మూడవది పట్టుకొని నిలిపి ఉంచే శక్తి. నీళ్ల బిందె మోసే అమ్మ చేతిలోనూ, దూలానికి వేలాడే యువకుడి చేతిలోనూ ఉండేది ఇదే. ఒకదానిలో ఆరితేరినంత మాత్రాన మిగిలినవి వాటంతట అవే రావు.

ఇక్కడ మన పెద్దల వృత్తి ఒకటి గుర్తుకు వస్తున్నది. ఈ సీమలో నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలు తరతరాలుగా దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టి జీవించాయి. పేగు నారి బిగించిన పెద్ద విల్లును ఎడమచేత పట్టుకొని, కుడిచేతి కొయ్య గూటంతో ఆ నారిని మీటుతూ పోవాలి. ఆ గూటం రెండు కొసలా లావుగా, నడుమ పిడికిలికి సరిపోయేంత సన్నగా ఉంటుంది. నేటి జిమ్ములోని డంబెల్‌ను దాని పక్కన పెడితే అన్నదమ్ములనుకుంటారు. ప్రొద్దు పొడిచింది మొదలు పరుపు పూర్తయ్యేవరకు అలా మీటిన చేతులకు వేరే వ్యాయామం అవసరం రాలేదు. యంత్రం వచ్చి ఆ శ్రమను తీసివేసింది. ఊపిరితిత్తుల్లోకి దూది నుసి పోయే ఆ పని తగ్గడం మంచిదే. అయితే శ్రమతో పాటు చేతిలోని సత్తువ కూడా తరలిపోయింది. మనుమలు దానిని ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

పూర్వపు వస్తాదులు పట్టును విడిగా సాధన చేసినట్లు కనిపించదు. 1910లో లండన్‌లో స్టానిస్లాస్ జ్బిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడిన గామా పహిల్వాన్ అయినా, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంచి చూపిన మన వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు అయినా మొత్తం దేహాన్ని తీర్చిదిద్దుకున్నారు. బస్కీలు, దండీలు, ముగ్దరు త్రిప్పడం, గోదాలో మట్టి త్రవ్వడం వారి నిత్యకృత్యం. పిడికిలి బలం ఆ శ్రమ వెంట వచ్చిన ఫలం.

ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే నేడు ఒక పెద్ద అపోహ వ్యాపించింది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. మన దేశంతో సహా 17 దేశాలలో, 35 నుండి 70 ఏళ్ల వయసు గల సుమారు 1,40,000 మంది చేతి పట్టును కొలిచి, వారిని నాలుగేళ్ల పాటు గమనించారు. పట్టు 5 కిలోలు తక్కువైన ప్రతి మెట్టుకూ మరణ ప్రమాదం 16 శాతం అధికంగా కనిపించింది. ఈ విషయంలో రక్తపోటు పై అంకెకన్నా చేతి పట్టే మెరుగైన సూచికగా తేలింది. గ్రిప్పర్లు అమ్మేవారు దీనిని పట్టుకొని "నొక్కండి, ఆయుష్షు పెంచుకోండి" అంటున్నారు. ఆ పరిశోధన చెప్పినది ఇది కాదు. జ్వరమాపినిని విదిలిస్తే పాదరసం దిగుతుంది, జ్వరం దిగదు. మనిషి తిండి, నిద్ర, నడక, పని, లోపల దాగిన రోగం అన్నింటి గురించీ పిడికిలి సాక్ష్యం చెబుతుంది. సాక్షిని మాత్రమే బలిసేటట్లు మేపితే వ్యాజ్యం గెలవలేము.

ఆ సాక్ష్యాన్ని వినవలసింది ముఖ్యంగా మన ఇంటి పెద్దల విషయంలో. ఆసియా దేశాల వైద్య నిపుణుల బృందం 2019లో ఒక హద్దును సూచించింది. పురుషులలో 28 కిలోలు, స్త్రీలలో 18 కిలోల కంటే పట్టు తగ్గితే కండరాల క్షీణతను అనుమానించాలి. దీనిని కొలిచే సాధనం డైనమోమీటర్, ఫిజియోథెరపీ కేంద్రాలలో ఉంటుంది. అది లేకున్నా ఇంట్లోనే గుర్తులు కనిపిస్తాయి. నిన్నటి వరకు పచ్చడి జాడీ మూత తానే తీసిన నానీ ఇప్పుడు మనుమడిని పిలుస్తుంది. వుజూ తరువాత కొళాయి పూర్తిగా కట్టేయలేక నీరు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. సజ్దా నుండి లేచేటప్పుడు అబ్బాజాన్ చేయి నేల మీద ఎక్కువసేపు ఆగుతుంది. "వయసు కదా" అని సరిపెట్టుకోకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. పప్పు, గ్రుడ్లు, పాలు వంటి మాంసకృత్తుల ఆహారం తగినంత అందుతున్నదో లేదో చూడాలి. రోజూ కొంత నడక, కుర్చీలో నుండి చేతి ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వారికి గ్రిప్పర్ కన్నా మేలు చేస్తాయి. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పెద్దల దేహం విషయంలో ఆ అమానతు వారిని చూసుకునే పిల్లల భుజాలపైనా ఉంటుంది.

యువకులను మేము గ్రిప్పర్ వద్దనడం లేదు. సైనిక నియామక ర్యాలీలో దూలం పట్టుకొని 10 సార్లు పైకి లేచినవారికి 40 మార్కులు వస్తాయి. వీపులో బలం ఉండి కూడా వేళ్లు జారి ఏడెనిమిదింటి దగ్గర దిగిపోయే కుర్రవాళ్లు ఎందరో. అటువంటి వారికి పట్టు సాధన ఉద్యోగంతో ముడిపడిన విషయం. అయితే వారికి కావలసింది మూడవ రకం పట్టు. దూలానికి వేలాడి 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం వరకు పెంచుకోవడం, తువ్వాలు దూలం మీద వేసి దాని కొసలు పట్టుకొని వేలాడడం అసలు సాధన. ఆ తరువాతనే గ్రిప్పర్. అది కూడా ఎనిమిది పది సార్లు పూర్తిగా మూయగలిగినదానితో మొదలుపెట్టాలి. వారానికి రెండు, మూడు రోజులకు మించకుండా, రోజుకు మూడు నాలుగు విడతలు చాలు. రోజంతా జేబులో పెట్టుకొని నొక్కుతూ ఉండడం సాధన కాదు, స్నాయువులను అరగదీయడం. నొక్కిన ప్రతిసారికీ బదులుగా వేళ్లకు రబ్బరు పట్టీ వేసి బయటికి తెరవాలి. మూసే కండరాలతో సమానంగా తెరిచే కండరాలు బలపడకపోతే మోచేయి బాధిస్తుంది.

గ్రిప్పర్ కొనలేనివారు ఇసుక నింపిన బకెట్టులో చేతిని దించి పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండవచ్చు. కొందరు ఇందుకు బియ్యం వాడమంటారు. పదిమందికి అన్నం కావలసిన బియ్యాన్ని చెమట చేతులతో పిసకడం మాకు నచ్చలేదు, ఇసుక సరిపోతుంది. తడి దుప్పటిని పిండడం కూడా మంచి సాధనే. ఆ పని ఇంట్లో ఎప్పుడూ ఆడవారికే ఎందుకు మిగులుతుందో కుర్రవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

రక్తపోటు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఊపిరి బిగబట్టి బరువైన గ్రిప్పర్‌ను నొక్కితే ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇందుకు భిన్నంగా, తమ పూర్తి శక్తిలో 30 శాతం మాత్రమే వాడి, రెండు నిమిషాలు నిలిపి ఉంచి, మధ్యలో విరామమిస్తూ నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు చేసే సాధన కొన్ని వారాలలో రక్తపోటును కొంత తగ్గిస్తుందని పలు పరిశోధనలు చూపాయి. వైద్యుని సలహాతో, ఊపిరి మామూలుగా తీస్తూ చేయవలసినది ఇది. మాత్రలు మానడానికి ఇది అనుమతి కాదు.

పసిబిడ్డల తల్లులకు కూడా ఒక మాట. బిడ్డను పదే పదే చంకల కింద చేతులు వేసి ఎత్తడం వలన బొటనవేలి మొదట, మణికట్టు పక్కన నొప్పి రావడం సాధారణం. స్విట్జర్లాండ్ వైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించిన బాధ ఇది. చేతిలో బలం లేక వచ్చిందనుకొని గ్రిప్పర్ నొక్కితే నొప్పి ముదురుతుంది. బొటనవేలిని చాచకుండా వేళ్లతో కలిపి ఉంచి, అరచేతులు పైకి తిప్పి బిడ్డ కిందకు పోనిచ్చి ఎత్తాలి. కొన్నాళ్లు బిడ్డను ఎత్తే పనిని ఇంట్లో మిగిలినవారు పంచుకోవాలి.