గాజుతొట్టెలో చక్రవర్తి చేప

ఇండ్లలో నుప్పునీటి తొట్టెల నమర్చి సముద్రపు చేపలను బెంచువారు కొందఱు గలరు. వేడుక మంచిదే. కాని నల్లని నీలిమేనిపై తెల్లని వలయములతో, ముగ్గు పెట్టినట్లు కనబడు ‘ఎంపరర్ ఏంజెల్’ పిల్లను జూచి ముచ్చటపడి కొనువారు కొంచెమాగవలెను.

పెరిగినకొలది యా వలయములు మాసి, పసుపు నీలపు చారలు దేఱును. 1787లో బ్లాక్ అను జర్మను పండితుడు పెద్దచేపకు చక్రవర్తియని పేరిడెను. 1801లో దాని పిల్లనే వేఱుజాతిగా దలచి నికోబారు దీవుల పేరు పెట్టిరి! పండితులే మోసపోగా మనమెంత?

అంగడిలో రెండంగుళముల పిల్ల తుదకు 15 అంగుళములగును. దానికి 800 లీటర్ల తొట్టెయైనను గావలెను. లీటరునకు 35 గ్రాముల లవణముండవలెను. వంటయుప్పు పనికిరాదు, సముద్ర లవణముల మిశ్రమమే వాడవలెను. ఆవిరియైన నీటికి బదులు శుద్ధమైన మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసిన, మరిగిన చారువలె నుప్పదనము హెచ్చును. వేడి 25 డిగ్రీలు చాలును.

కడలిలో నిది స్పంజికలను దినును. కనుక రొయ్యలు మాత్రమే వేయక, సముద్రపు నాచును, స్పంజిక కలిపిన మేతను గూడ బెట్టవలెను. పగడములున్నచో వానిని గొఱుకును.

మా పొరుగింటామె చిన్నతొట్టెలో దీనిని బెంచినది. మూడేండ్లకు పాపము, అది తిరుగుటకైన చోటులేక గాజునకు మూతి రాచుకొనుచుండెను. కొన్న యంగడివారు తిరిగి పుచ్చుకొనలేదు. తుదకు పెద్దతొట్టె గల బంధువుల కిచ్చివేసినది. పిల్లలిప్పుడు సెలవులకు బోయి చూచి వచ్చుచున్నారు.