చార్టుకు అందని చూపు

ఎదురుగా ఉన్న మనిషి జుట్టు, చెవులు కనిపిస్తాయి; ముక్కూ నోరూ ఉండాల్సిన చోట మసక. నిటారుగా ఉన్న ద్వారబంధం నడుమ లోపలికి గుంజుకుపోయినట్టుంటుంది. అరవై దాటినవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు ఈ మాట చెబితే ‘శుక్లం వచ్చిందిలే’ అని తేల్చేస్తాం. కాకపోవచ్చు. రెటీనా నడిమధ్యన, సూటిచూపుకు ఆధారమైన మాక్యులాలో చిల్లు పడి ఉండవచ్చు.

కంటిగుడ్డులో నిండి ఉండే జిగురు వయసుతో కుంచించుకుని రెటీనాను వదిలేస్తుంది. కొందరికి మాక్యులా దగ్గర వదలకుండా లాగుతుంది. ఆ లాగుడికే చిల్లు. చుట్టుచూపు మిగులుతుంది కాబట్టి మనిషి తిరగగలదు. తిరుగుతోంది గదా, ఇంకేం జబ్బని ఇంట్లోవాళ్లంటారు. మిరపకాయల్లో తాలు ఏరే అమ్మకూ, చెప్పు కుట్టే అయ్యకూ సూటిచూపే కూలి.

1991లో రెండు సంగతులు జరిగాయి. కాంతితో రెటీనాను పొరలుపొరలుగా చూపే ఓసీటీ స్కాన్ వెలువడింది. అదే ఏడు కెల్లీ, వెండెల్ అనే అమెరికన్ డాక్టర్లు ఆ జిగురు తీసేసి, గ్యాసు నింపి చిల్లు మూయవచ్చని చూపారు. అంతకుముందు దీనికి వైద్యమే లేదనుకునేవారు. ఇప్పుడు స్కాన్ చిల్లును మైక్రాన్లలో కొలుస్తుంది. 400 దాటితే పెద్దది. ఆలస్యమైనకొద్దీ చూపు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత చాలామందిని కొన్నాళ్లు బోర్లా ఉండమంటారు. ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

మూసుకోవడం వేరు, చూపు రావడం వేరు. స్కాన్‌లో చిల్లు పూడినా వెలుగును పట్టే కణాల పొర అతుక్కోకపోతే చూపు అంతంతమాత్రమే. చార్టు సంగతీ అంతే. తల పక్కకు తిప్పి, తడుముకుంటూ ఆ వరస చదివినా ‘6/18’ అనే రాస్తారు. ఎంతసేపు పట్టిందో, గీతలు ఎంత వంకరపోయాయో ఆ అంకెలో ఉండదు. మైక్రోపెరిమెట్రీ అనే పరీక్షలో రెటీనా మీద చుక్కచుక్కగా వెలుగు వేసి ఏ చోట చూపు చచ్చిందో పటం గీస్తారు. అది పెద్దాసుపత్రుల మాట. వాడకొచ్చే క్యాంపుకు ఆ యంత్రం రాదు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం చాలాకాలం శుక్లాల ఆపరేషన్ల లెక్క మీదే నడిచింది మరి.

2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా మెరుగైన కంటినే ప్రధానంగా చూస్తుంది. ఒక కన్ను బాగుంటే రెండోదానికి ఎంత చిల్లున్నా 40 శాతానికి చేరరు. కొలిచేది చార్టు అంకె, చూపు పరిధి. వంకర గీతకు అక్కడ గడి లేదు.

టీచర్లు, కార్యకర్తలు చేయగల పని ఒకటుంది. గళ్ల కాగితం మీద నడుమ చుక్క పెట్టి, చదువుకునే అద్దాలుంటే పెట్టించి, ఒక కన్ను మూయించి చూపించండి. తర్వాత రెండోది. రెండూ తెరిచి చూస్తే మంచికన్ను లోపాన్ని కప్పేస్తుంది. గళ్లు వంగినా, నడుమ మాయమైనా అది ఫలానా జబ్బని మనం చెప్పకూడదు. రెటీనా డాక్టరు దగ్గరికి, స్కాన్ ఉన్నచోటికి, వెంటనే పంపాలి.