బొమ్మల సినిమాలో ఆడగొంతు

పిల్లల బొమ్మల సినిమాలతో సాహిత్య విమర్శకేం పని అని కొందరికి అనిపించవచ్చు. అక్షరాలు రాకముందే మనిషి మనసులోకి చేరే కథలు ఇవి. ఆడది ఎలా వుండాలో, మగవాడు ఏం చేయాలో నేర్పే తొలి పాఠాలు చాలామంది పిల్లలకు వీటిలోనే దొరుకుతున్నాయి. కథతో పనివున్న వాళ్లెవరూ వీటిని పక్కకు నెట్టడానికి వీల్లేదు.

డిస్నీ సంస్థ 1989లో తీసిన ‘ది లిటిల్ మెర్మెయిడ్’ చూడండి. మూలం డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో ప్రచురించిన కథ. అందులో జలకన్య మనిషి కాళ్ల కోసం నాలుక కోయించుకుంటుంది. రాకుమారుడు మరొకరిని పెళ్లాడతాడు. త్యాగమే స్త్రీ ధర్మమన్న పాత నీతి అందులో లేకపోలేదు. అయినా పోయిన గొంతు ఖరీదు ఎంతో ఆండర్సన్ దాచలేదు. సినిమాలో ఏరియల్ గొంతు మంత్రగత్తె శంఖంలోకి పోయి, సమయానికి తిరిగొస్తుంది. పెళ్లి జరుగుతుంది.

మాట్లాడే ఆడదంటే మగవాళ్లకు గిట్టదని మంత్రగత్తె ఏరియల్‌కు బోధిస్తుంది. అది దుష్టపాత్ర మాట, చిత్రానికి అంటగట్టకూడదని వాదించవచ్చు. న్యాయమే. రాకుమారుడు వెతికేదీ తాను విన్న ఆ గొంతునే. కానీ పాత్రల మాటల కంటే కథ నడక ముఖ్యం. మంత్రగత్తెను ఓడ మొనతో పొడిచి చంపేది రాకుమారుడు. ఏరియల్‌కు చివరికి కాళ్లిచ్చేది తండ్రి. తండ్రిని ధిక్కరించిన పిల్ల ఆ తండ్రి చేతిలోంచే భర్త చేతిలోకి వెళుతుంది. కన్యాదానాలు చూస్తూ పెరిగిన మనకు ఇది కొత్త దృశ్యమేమీ కాదు.

కార్మెన్ ఫాట్, కారెన్ ఐజెన్‌హావర్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు ఈ రాకుమారి చిత్రాల్లోని మాటలు లెక్కగట్టారు. 2016లో వెలుగులోకి వచ్చిన ఆ లెక్క ప్రకారం ఈ చిత్రం సంభాషణలో 68 శాతం మగపాత్రలది. చదువంటే ప్రాణమిచ్చే నాయిక వున్న ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ (1991)లో 71 శాతం. దేశాన్ని కాపాడే స్త్రీ కథ ‘ములాన్’ (1998)లో 77 శాతం! వింతేమిటంటే 1950 నాటి ‘సిండరెల్లా’లో స్త్రీల వాటా 60 శాతం. అంటే పాత చిత్రాలు మేలనా? కాదు. ‘స్లీపింగ్ బ్యూటీ’ (1959)లోనూ మాటలు ఎక్కువగా ఆడవాళ్లవే, కానీ నాయిక మాత్రం పలికేది బహు తక్కువ. లెక్క ఒక్కటే విమర్శ కాజాలదు.

తర్వాతి చిత్రాల్లో తిరుగుబాటు నాయిక ఒక్కతే. ఆమె చుట్టూ వున్న లోకం మగది. స్నేహితుడు, సలహాదారు, హాస్యగాడు, చివరికి పీత, పక్షి, డ్రాగన్ అన్నీ మగవే. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ కోటలో వస్తువులకూ లింగం వుంది: గడియారమూ కొవ్వొత్తి స్తంభమూ మగవాళ్లు, టీ కూజా తల్లి, దుమ్ము దులిపే ఈకల కుచ్చు వయ్యారి పనిమనిషి. ప్రాణంలేని వస్తువుకు సైతం ఇంటిపని ఆడదానిగానే తోచడం భావజాలం కాక మరేమిటి?

దీని మూలం తెర మీద కంటే బొమ్మలు గీసే బల్ల దగ్గర వుంది. 1938లో ఉద్యోగం అడిగిన ఒక యువతికి డిస్నీ సంస్థ జవాబు రాసింది: సృజనాత్మకమైన పని అంతా యువకులదేనట. సెల్యులాయిడ్ పలకల మీద ఇంకుతో గీతలు దిద్దడం, వెనక రంగు నింపడం మాత్రమే స్త్రీలకు. మినహాయింపులు వున్నాయి. ‘బాంబీ’ (1942)లో వేటకుక్కలకు చలనమిచ్చిన రెట్టా స్కాట్ ఒకరు. (సుకుమారం స్త్రీ స్వభావమనే వాళ్లు ఆ కుక్కలను చూడాలి.) 1941 సమ్మెలో రంగులు నింపే స్త్రీలూ పాల్గొన్నారు. 1961లో ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’ నాటికి జిరాక్స్ యంత్రం వచ్చి, ఇంకు గీతల పనిని మింగేసింది. చవక శ్రమగా వాళ్లను వాడుకున్న పరిశ్రమకు వాళ్లకంటే చవకైన యంత్రం దొరికింది.

ఈ సంస్థ పూర్తినిడివి బొమ్మల చిత్రానికి ఒక స్త్రీ, లిండా వూల్వర్టన్, కథనం రాయడానికి 1991 దాకా ఆగాల్సివచ్చింది. పిక్సార్ తీసిన ‘బ్రేవ్’ (2012) కథ తల్లీకూతుళ్ల పోరు. దాన్ని ఊహించి దర్శకత్వం మొదలుపెట్టిన బ్రెండా చాప్‌మన్‌ను మధ్యలో తప్పించి, మార్క్ ఆండ్రూస్ చేత పూర్తి చేయించారు. ఆ చిత్రంలో 74 శాతం మాటలు ఆడవాళ్లవి.