సముద్ర సంపదపై ఉమ్మడి హక్కు – ఇరుగుపొరుగు దేశాల భద్రత

ఏ ఒక్క రాజ్యానికీ చెందక, యావన్మానవజాతికీ అక్కరకు వచ్చే వనరులు కొన్ని ఉన్నవి. వాయుమండలం, అంతరిక్షం, అంటార్కిటికా ఖండం, మహాసముద్రాలు వీటిలో ముఖ్యమైనవి. వీటిని ఎవరు పాలించాలి, ఏ న్యాయం ప్రకారం పంచుకోవాలి అనే ప్రశ్న పైకి పండితుల చర్చగా కనిపిస్తుంది. తరచి చూస్తే అది పొరుగు దేశాల మధ్య శాంతికీ, సామాన్యుని బ్రతుకుకూ సంబంధించిన ప్రశ్న. విస్తారమైన ఈ విషయంలో సముద్రాన్ని, అందులోనూ ముఖ్యంగా హిందూ మహాసముద్రాన్ని మాత్రమే మేము ఈ వ్యాసానికి పరిమితంగా తీసుకుంటున్నాము. ఆంధ్ర తీరం పొడవు వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్నది. అయినా మన విద్యార్థులలో అధికులు సముద్రాన్ని విహారస్థలంగానో, తుపాను వార్తగానో మాత్రమే ఎరుగుదురు.

సముద్రంపై పెత్తనం కోసం జరిగిన తగవు మన తీరానికి కొత్తది కాదు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు హిందూ మహాసముద్రం తమ ఏలుబడిలో ఉన్నదని చాటి, తమ అనుమతి పత్రం లేని నౌకలను పట్టుకొనేవారు. ఈ పత్రాన్ని 'కర్తాజ్' అనేవారు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుండి ఎర్ర సముద్రపు రేవులకు సాగిన ఓడలకు కూడా ఈ బెడద తప్పలేదు. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు వచ్చి మచిలీపట్నంలో వర్తకశాల నెలకొల్పుకున్నారు. 1603లో వారు సింగపూరు సమీపంలో ఒక పోర్చుగీసు ఓడను పట్టుకొనగా, ఆ చర్యను సమర్థించవలసిన పని హ్యూగో గ్రోషియస్ అనే యువ న్యాయవాదిపై పడినది. ఆ పనిలో నుండి పుట్టినదే 1609లో వెలువడిన 'మారే లిబేరుమ్' అనే లాటిన్ గ్రంథం. సముద్రం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పయనించవచ్చునన్నది దాని సారాంశం. ఒక కంపెనీ లాభం కోసం చేసిన వాదం అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి పునాది కావడం చరిత్రలోని వింతలలో ఒకటి.

అయితే ఈ స్వేచ్ఛాసిద్ధాంతంలో ఒక లోపం దాగి ఉన్నది. అందరికీ హక్కు ఉండి, ఎవరికీ బాధ్యత లేని చోట బలవంతుడే లాభపడతాడు. మన పల్లెలలోని చెరువును తలచుకుంటే ఈ మాట సులభంగా బోధపడుతుంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి పొలానికి ఎంతసేపు నీరు పారాలో చూచుకొనే నీరటి ఉన్నంతకాలం చెరువు అందరిదీ. నీరటి లేకపోతే ఎగువ పొలం వాడిదే చెరువు. ఆవిరి ఓడలు, పెద్ద వలలు, చమురు బావులు వచ్చేదాకా సముద్రానికి నీరటి అవసరం ఎవరికీ తోచలేదు. 1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరాన్ని ఆనుకొని సముద్రం అడుగున ఉన్న ఖనిజ సంపద తమదేనని ప్రకటించగా, ఇతర రాజ్యాలు ఒకదాని వెంట ఒకటి అదే దారి పట్టినవి. 1967 నవంబరులో మాల్టా ప్రతినిధి ఆర్విడ్ పార్డో ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించి, దేశాల హద్దులకు ఆవలనున్న సముద్ర గర్భాన్ని మానవజాతి ఉమ్మడి వారసత్వంగా పరిగణించాలని కోరాడు. అంత చిన్న దేశం నుండి అంత పెద్ద ఆలోచన రావడం గమనింపదగినది.

ఆ పిమ్మట 1973 నుండి 1982 వరకు సాగిన సుదీర్ఘ సమావేశాల ఫలితంగా సముద్ర న్యాయ ఒడంబడిక రూపొందినది. 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో సంతకాలు జరిగినవి. 1994లో అది అమలులోకి వచ్చినది. 1995లో భారతదేశం ధ్రువీకరించినది. దీని ఏర్పాటును విద్యార్థులు స్థూలంగానైనా తెలుసుకోవాలి. తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు ప్రాదేశిక జలాలు. అక్కడ ఆ దేశానిదే సార్వభౌమాధికారం. నాటికల్ మైలు అనగా 1.852 కిలోమీటర్లు. 200 మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలం. ఇక్కడ చేపలు, చమురు, ఖనిజాలు తీరదేశానివి, ఓడల రాకపోకలు మాత్రం అందరివి. ఆపైన ఉన్నది బహిరంగ సముద్రం. దాని అడుగున ఉన్న ఖనిజ సంపదను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఉన్నది.

మధ్య హిందూ మహాసముద్రపు అడుగున బంగాళాదుంపలంత ముద్దలుగా మాంగనీసు, నికెల్, కోబాల్టు, రాగి కలిసి పడి ఉన్నవి. వీటి అన్వేషణకు 1987లో మన దేశానికి లక్షా యాభై వేల చదరపు కిలోమీటర్ల క్షేత్రం కేటాయింపబడినది. నియమం ప్రకారం అందులో సగం తిరిగి అప్పగించి, 75,000 చదరపు కిలోమీటర్లను మనం నిలుపుకున్నాము. దొరికినదంతా తన వద్దనే ఉంచుకోక సగం వదలవలసి రావడం ఉమ్మడి వారసత్వమనే భావన ఆచరణలో ఎలా ఉంటుందో చూపుతున్నది. సముద్రజీవుల రక్షణకై బహిరంగ సముద్రానికి సంబంధించి 2023లో మరొక ఒప్పందం ఆమోదింపబడి, 2026 జనవరిలో అమలులోకి వచ్చినది. ఇన్ని జరిగినా అమెరికా మాత్రం 1982 నాటి ఒడంబడికలో నేటికీ చేరలేదు.

ఇక భద్రత విషయానికి వద్దాము. భద్రత అనగానే యుద్ధనౌకలు, జలాంతర్గాములు మనసులో మెదలడం సహజం. 1971లో శ్రీలంక చొరవతో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటించినది. అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు ఆ తీర్మానంపై తటస్థంగా ఉండిపోయినవి. డీగో గార్షియాలో సైనిక స్థావరం పెరిగినదే గాని తరగలేదు. ఆ తీర్మానం ఆశయం గొప్పది, దాని వెనుక అమలు యంత్రాంగం లేదు. ఆశయం చాటడం కంటే చిన్నదైనా ఒక నియమాన్ని అమలు చేయడం వల్ల శాంతికి ఎక్కువ మేలు జరుగుతుందని మా అభిప్రాయం.

దీనికి సోమాలియా ఒక దృష్టాంతం. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిపోయిన తరువాత ఆ తీరానికి కాపలా లేకుండా పోయినది. విదేశీ మరపడవలు వచ్చి యథేచ్ఛగా చేపలు తరలించుకుపోయినవి. తీరవాసులలో కొందరు మొదట ఆ పడవలను అడ్డగించారు. తరువాత కేవలం ధనాశతో ఏ ఓడ వచ్చినా పట్టుకొనే ముఠాలు తయారైనవి. ఓడదొంగతనాన్ని మేము సమర్థించడం లేదు. కాని దిక్కులేని ఉమ్మడి వనరు ఎలా యుద్ధనౌకలను రప్పిస్తుందో ఇక్కడ చూడవచ్చు. 2008 అక్టోబరు నుండి భారత నౌకాదళం కూడా ఏడెన్ సింధుశాఖలో గస్తీ తిరగవలసి వచ్చినది.

ఇందుకు భిన్నమైనది బంగాళాఖాతపు అనుభవం. 1970 నాటి ఘోరమైన తుపాను తరువాత భారత, బంగ్లాదేశ్‌ల సరిహద్దున హరియాభంగా నది మొగలో ఒక ఇసుక దిబ్బ తేలినది. మనవారు న్యూమూర్ అన్నారు, వారు దక్షిణ తల్‌పట్టి అన్నారు. జనసంచారం లేని ఆ దిబ్బ కోసం 1981లో ఇరుదేశాల నౌకలు ఎదురుబొదురుగా నిలిచినవి. కొన్నేళ్ళకు ఆ దిబ్బ మునిగిపోయినది. సముద్రం తీర్చిన తీర్పు అది! అసలు తగవును మాత్రం సముద్ర న్యాయ ఒడంబడిక కింద ఏర్పడిన మధ్యవర్తి మండలి 2014 జూలైలో తేల్చినది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కినవి. పెద్ద దేశమైన భారతదేశం ఆ తీర్పును శిరసావహించినది. అది నష్టమని అన్నవారు ఉన్నారు. హద్దు తేలని జలాలలో ఎవరూ నిశ్చింతగా చమురు వెదకలేరు, వల వేయలేరు. ఆ దృష్టితో చూస్తే ఉభయులకూ లాభమే కలిగినది.

హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, ఇదే కోవలోనిది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో రెండు లక్షలకు పైగా ప్రజలు మరణించారు. ఆ తరువాత 2007లో ఇక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడినది. 2011 నుండి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు అది హిందూ మహాసముద్ర దేశాలన్నిటి కోసం పనిచేస్తున్నది. సముద్రపు చినుకైనా తాకని మన నగరం నుండి పొరుగు తీరాలకు హెచ్చరిక వెళుతున్నదంటే, సమాచారం కూడా ఉమ్మడి వనరేనని ఒప్పుకోక తప్పదు.

హద్దు తేలినంత మాత్రాన సమస్య తీరుతుందనీ అనలేము. భారత, శ్రీలంకల మధ్య 1974, 1976 ఒప్పందాలతో రేఖ గీయబడినది, కచ్చతీవు ఆవలి వైపుకు పోయినది. కాని చేపలకు ఆ రేఖ తెలియదు. తమిళనాడు మరపడవలు సముద్రపు అడుగును ఊడ్చే వలలతో వెళ్ళగా, అంతర్యుద్ధంలో చితికిపోయిన జాఫ్నా మత్స్యకారుల జీవనం దెబ్బతింటున్నది. వారూ తమిళులే, వీరూ తమిళులే.

హద్దు అసలే తేలని చోట కష్టం ఇంకా తీవ్రమైనది. కచ్ రణ్‌కు, సింధుకు నడుమ సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల పాయ ఉన్నది. సరిహద్దు పాయ నడుమ సాగుతుందని భారతదేశం, తూర్పు గట్టున సాగుతుందని పాకిస్తాన్ వాదిస్తున్నవి. రెండు వాదాలకూ 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానమే ఆధారంగా చూపబడుతున్నది. 1968లో కచ్ తగవు తీర్చిన మండలి ఈ పాయ జోలికి పోలేదు. 2007లో ఇరుదేశాలు కలిసి సర్వే చేసినా ఒప్పందం కుదరలేదు. పాయ హద్దు తేలనందున, దాని మొగ నుండి సముద్రంలోకి సాగవలసిన హద్దు కూడా తేలలేదు.

ఈ తగవు మూల్యం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్ళు చెల్లించినవి. తమ తీరంలో చాలినన్ని రేవులు, తగిన ఆదాయం లేక అక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి, పరుల పడవలపై కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవారిని పాకిస్తాన్ సముద్ర రక్షక దళం పట్టుకొని కరాచీ జైలులో ఉంచినది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద స్వదేశంలో అడుగు పెట్టారు. 2025లో వచ్చిన 'తండేల్' చిత్రం వల్ల ఈ ఉదంతం పలువురికి తెలిసినది. మన జైళ్ళలో పాకిస్తాన్ మత్స్యకారులు కూడా ఉంటున్నారన్నది ఆ చిత్రం చూచినవారు మరువరాదు.

ఇక్కడ సముద్ర న్యాయ ఒడంబడికలోని 73వ అధికరణం పేర్కొనదగినది. ప్రత్యేక ఆర్థిక మండలంలో వేట నియమాలు అతిక్రమించిన వారికి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, కారాగార శిక్ష విధించరాదని, తగిన పూచీకత్తుపై పడవనూ సిబ్బందినీ వెంటనే విడుదల చేయాలని అందులో ఉన్నది. భారత, పాకిస్తాన్‌లు రెండూ ఆ ఒడంబడికను ధ్రువీకరించినవే. కాని ప్రాదేశిక జలాలలో ప్రవేశించారనీ, విదేశీయుల చట్టాన్ని అతిక్రమించారనీ అభియోగం మోపితే ఈ రక్షణ వర్తించదు. హద్దు ఎక్కడో తేలని చోట, పట్టుబడిన పడవ ఏ జలాలలో ఉన్నదో పట్టుకున్నవారు చెప్పినదే సాక్ష్యమవుతున్నది.

పాయ తగవు తేలేదాకా ఆగనక్కరలేదని మేము భావిస్తున్నాము. వివాదపు జలాలలో ఇరుదేశాల మత్స్యకారులు వేటాడుకొనే ఉమ్మడి మండలాన్ని ఏర్పరచుకొనవచ్చు. అది కుదరకపోయినా, తప్పి వచ్చిన పడవను హెచ్చరించి మళ్ళించే పద్ధతి పెట్టుకొనవచ్చు. 2008 నాటి ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ వద్దనున్న ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నవి. 2025 మే నెలలో సైనిక ఘర్షణ జరిగినా, ఆ జూలైలో జాబితాలు చేతులు మారినవి. జాతీయత ధ్రువపడి శిక్షాకాలం ముగిసిన నెలలోగా ఖైదీని ఇంటికి పంపాలని కూడా అదే ఒప్పందంలో ఉన్నది. ఆచరణలో ఆ గడువు తరచు దాటిపోతున్నది.