దేవుని సంకల్పం, డిచ్‌పల్లి దవాఖాన

క్రైస్తవ విశ్వాసంలో దేవుని సంకల్పం అన్నది ముందుగా లోకం మొత్తానికి సంబంధించిన మాట. ఒక్కో మనిషి ఉద్యోగం, పెళ్లి, ఆరోగ్యం దాని తర్వాతే. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని ఆదికాండం చెబుతుంది. మనిషి దారి తప్పాడు, దేవుడితోనూ సాటివాళ్లతోనూ బంధం తెగింది. తెగినదాన్ని తిరిగి కలపడానికే దేవుడు అబ్రాహామును పిలిచాడు, ఇశ్రాయేలు జనాన్ని ఏర్పరచుకున్నాడు, చివరికి యేసుక్రీస్తులో తానే దిగివచ్చాడు. పరలోకంలోనివీ భూమ్మీదివీ అన్నీ క్రీస్తులో ఒక్కటి కావడమే ఆ సంకల్పమని ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు అంటాడు. నా విషయంలో ప్రభువు చిత్తం ఏమిటని మందిరంలో మోకరిల్లి అడిగే విశ్వాసికి జవాబు ఈ పెద్ద కథలోనే దొరకాలి. కథను వదిలేసి జవాబు ఒక్కటే కావాలంటే అది జాతకం అడిగినట్టే అవుతుంది.

దీనికి సంఘాల్లో ఎక్కువగా చెప్పే ఉదాహరణ యోసేపు. అన్నలు అసూయతో గోతిలో పడేసి, దారినపోయే వర్తకులకు అమ్మేశారు. ఐగుప్తులో బానిసయ్యాడు, చేయని తప్పుకు చెరసాల పాలయ్యాడు. చివరికి ఫరో కొలువులో పెద్ద అధికారై, ఏడేళ్ల కరవులో ఆ దేశాన్నీ, ధాన్యం కోసం వచ్చిన ఆ అన్నల్నీ బతికించాడు. వాళ్లు తలపెట్టింది కీడేనని, అందులోంచే దేవుడు మేలు రాబట్టాడని కథ చివర్లో వాళ్లకు చెబుతాడు. ప్రసంగాల్లో తరచూ జారిపోయే సంగతి ఒకటి ఇక్కడుంది. కీడుకు యోసేపు మంచి పేరు పెట్టలేదు. పైగా ఆ మాట అన్నది దెబ్బ తిన్నవాడు, అదీ ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసుకుని. అమ్మేసిన అన్నలే ‘అంతా దేవుని చిత్తం తమ్ముడూ’ అని ఉంటే అది నోరు మూయించడమే అయ్యేది.

మరి అన్నీ దేవుడే నిర్ణయిస్తే మనిషి చేతిలో ఏముంది? రక్షణ పొందేదెవరో దేవుడు ముందే నిర్ణయించాడని 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్ బోధించాడు. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ దాన్ని ఒప్పుకోలేదు. కృప అందరికోసమూ ఉందని, దాన్ని అందుకోవడమో కాదనడమో మనిషి వంతని వాదించాడు. 1739లో ఈ విషయం మీదే ఒక ప్రసంగం చేసి అచ్చు వేయించాడు. దాంతో సాటి బోధకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్‌తో స్నేహమే చెడింది.

ఈ తగాదాకు నిజామాబాద్‌తో చుట్టరికం ఉంది. నిజాం సంస్థానంలోని మెదక్, నిజామాబాద్ పల్లెల్లో పనిచేసింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీలే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు వాళ్ల సంఘాలు అందులో కలిసి మెదక్ డయాసిస్ కిందికి వచ్చాయి. కృప అందరిదీ అన్న బోధ ఊరిబయటి వాడల దాకా వెళ్లిందంటే దాని వెనక ఈ వెస్లీ వాదం ఉంది.

రోగం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న కఠినమవుతుంది. లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం కుష్ఠు సోకినవాడు బట్టలు చింపుకోవాలి, పైపెదవి కప్పుకోవాలి, తాను అపవిత్రుణ్నని కేకవేస్తూ పాళెం వెలుపల ఒంటరిగా బతకాలి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో అలాంటి మనిషే యేసు ముందు మోకాళ్లూనాడు. మాటతో బాగుచేయగలవాడు చెయ్యి చాపి తాకాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూపించి, ఇది ఎవరి పాపం, ఇతనిదా కన్నవాళ్లదా అని శిష్యులు అడుగుతారు. ఎవరిదీ కాదని, ఇతనిలో దేవుని పనులు కనబడాలని యేసు జవాబిచ్చి, ఉమ్మితో మట్టి తడిపి ఆ కళ్లకు పూశాడు. కారణం తవ్వే మాట అక్కడితో ఆగి, చికిత్స మొదలైంది.

అదే పని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నిజామాబాద్ పక్కన సాగింది. స్కాట్లండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త, మెథడిస్టు పాదిరి జార్జ్ కెర్ 1907లో ఇండియాకు వచ్చారు. కుష్ఠు పూర్వజన్మ పాపమనో దేవుడి శాపమనో అంతా అనుకునే రోజులవి. అది ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టినా, ఊళ్లలో వెలివేత ఆగలేదు. నిజామాబాద్ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ దారిలో ఉన్న డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి తెరుచుకుంది. అప్పటికున్న మందు చాల్‌మోగ్రా గింజల నూనె. తాగితే వాంతి వచ్చేంత వికారం. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ దాన్ని సూదిమందుగా మార్చే పద్ధతి రూపొందించాక ఇసబెల్ దాన్నే ఇక్కడ వాడింది. సూది గుచ్చిన చోట నొప్పి, వాపు. అయినా నెలల తరబడి వేయించుకోక తప్పదు. నిజంగా నయం చేసే సల్ఫోన్ మందులు 1940ల్లో గానీ రాలేదు, వాటిని ఆమె చూడలేదు. 1923లో కైజర్-ఇ-హింద్ పతకం అందుకుని, 1932లో కన్నుమూసింది.

ఆ ఆసుపత్రి కట్టడానికి పెద్ద మొత్తం ఇచ్చినవాడు రాజా నర్సా గౌడ్ అనే హిందువు. ఇది క్రైస్తవ బోధకు ఇబ్బంది కలిగించే విషయమేమీ కాదు. చెరలో ఉన్న యూదుల్ని ఇంటికి పంపిన పారసీక రాజు కోరెషు ఇశ్రాయేలు దేవుణ్ని ఎరిగినవాడు కాదు. అయినా యెషయా గ్రంథం అతన్ని దేవుడు అభిషేకించినవాడిగా చెబుతుంది. దేవుని సంకల్పం సంఘం గోడల లోపలే నడుస్తుందనుకునేవాళ్లు ఆ గ్రంథాన్ని మళ్లీ చదువుకోవచ్చు.

ఇక నిజామాబాద్ జిల్లాలోనే ఉన్న బోధన్ సంగతి. 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. శక్కర్‌నగర్ కాలనీ దాని చుట్టూనే పెరిగింది. 2002లో ఫ్యాక్టరీ మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. కార్మికుల జీతాలు ఆగాయి, రైతులకు చెరకు అమ్ముకునే చోటు పోయింది. ఇదీ దేవుని సంకల్పమేనా? దేవుడు కోరేది వేరు, జరగనిచ్చేది వేరు అని వేదాంత పండితులు విడదీస్తారు. మనుషులు తీసుకున్న నిర్ణయాల ఫలితాన్ని దేవుడి ఖాతాలో వేయడం యోసేపు అన్నల పని. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయం 28వ వచనం ఇలాంటప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది. దేవుణ్ని ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే సమకూడతాయన్నది దాని సారం. ఆ మేలు ఏమిటో పక్క వచనంలోనే ఉంది: విశ్వాసి క్రీస్తు పోలికలోకి మారడం. చెరకు బిల్లు చేతికొస్తుందని అక్కడ హామీ లేదు.

అయితే ఎవరి పిలుపు ఏమిటో తెలిసేదెలా? వాక్యం, ప్రార్థన, మనస్సాక్షి, సంఘ పెద్దల సలహా, చేతనైన పని, ఎదుట కనిపించే అవసరం – వీటన్నిటినీ కలిపి చూడమని సంఘాలు చెబుతూ వచ్చాయి. నిజానికి అందులో చాలా భాగం రహస్యం కానే కాదు. న్యాయంగా ఉండటం, కనికరం చూపడం, దేవుడి ఎదుట అణకువగా నడవడం అని మీకా ప్రవక్త ముందే తేల్చేశాడు. సిలువకు ముందు గెత్సేమనేలో యేసు సైతం ఆ శ్రమల గిన్నె తన దగ్గర్నించి తొలగితే బాగుండునని ప్రార్థించాకే తండ్రి చిత్తానికి తలవంచాడు. కాబట్టి వద్దని వేడుకోవడం అవిశ్వాసం కాదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తెలుగు సంఘాలు చాలావాటిలో వాగ్దాన కార్డులు పంచుతారు. ఎవరి చేతికి ఏ వచనం వస్తే ఆ ఏడాదికి అదే తమకు దేవుడి మాటని దాచుకుంటారు. ఆ ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. కానీ వెస్లీ 1755లో మెథడిస్టులకు మొదలుపెట్టిన నిబంధన ఆరాధన ఇంకో దారిలో వెళ్తుంది. అందులో విశ్వాసి తనకు ఏం దక్కుతుందని అడగడు. దేవుడు పనిలో పెట్టినా, పక్కన పెట్టినా, కలిమి ఇచ్చినా, లేమి ఇచ్చినా సరేనని ఒప్పుకుంటాడు. ఆ ప్రార్థన ఇప్పటికీ మెథడిస్టు సంఘాల్లో కొత్త సంవత్సరం మొదట్లో చేస్తారు.